పడక్కుర్చీ చెయ్యి అతికించబోయి చెక్క క్లాంపులు చేసుకున్నాను

పోయిన ఆషాఢంలో మా ఊరి మాస్టారు ఒకాయన తన పడక్కుర్చీని ఆటోలో వేసుకొచ్చి మా షెడ్డు ముందు దించారు. మంచి ముదురు టేకు. కోనసీమ పాత ఇళ్ల అరుగుల మీద ఇలాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి. చేతులు బారుగా ముందుకు సాగి, కొసకు వెళ్లేకొద్దీ సన్నబడతాయి. కుడి చెయ్యి కొస నుంచి అయిదు అంగుళాల మేర నిలువునా చీలిపోయింది.

"ఆ చెయ్యి మార్చకు అబ్బాయ్. అతికించి ఇయ్యి చాలు. మా నాన్నగారి కుర్చీ అది" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను. పది నిమిషాల పనే కదా అనుకున్నాను.

చీలికను ఇదివరకే ఎవరో సరేసు (తోలు, ఎముకల నుంచి తీసే పాతకాలపు జిగురు) పూసి అతికించి ఉన్నారు. సరేసు వేడినీళ్లకు మెత్తబడుతుంది కాబట్టి పాత బ్రష్షుతో రుద్ది కడిగి, రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను. టేకులో సహజంగా నూనె ఉంటుంది. గమ్ము పూసే ముందు థిన్నరు గుడ్డతో తుడవకపోతే పట్టు సరిగా రాదు. అదీ చేశాను. ఫెవికాల్ పూసి రెండు సి క్లాంపులు (సి అక్షరం ఆకారంలో, ముక్కల్ని నొక్కి పట్టే ఇనప బిగింపులు) పెట్టి బిగించాను. కొసన చెయ్యి వెడల్పు రెండున్నర అంగుళాలు, అయిదు అంగుళాలు వెనక్కి వచ్చేసరికి మూడున్నర. అంటే రెండు అంచులూ ఏటవాలు. సి క్లాంపుకు ఒక వైపు దవడ కదలదు, ఆ వాలు మీద తిన్నగా ఆనదు. బిగించిన కొద్దీ క్లాంపు కొస వైపు జారింది. గమ్ము తడిగా ఉంది కదా, రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి జరిగాయి. చెక్క ముక్కలు అడ్డుపెట్టినా అవీ క్లాంపుతో పాటు కిందకి జారిపోయాయి. ఇనప దవడ తగిలి టేకు మీద అర్ధచంద్రాకారంలో ఒక నొక్కు పడింది. అది చూడగానే కడుపులో ఏదోలా అయింది. వెంటనే క్లాంపులు తీసి, గమ్ము ఆరకముందే తడిగుడ్డతో మొత్తం కడిగేశాను. నొక్కు మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క ఉబ్బి చాలావరకు పైకి లేచింది.

మా నాన్న ఇలాంటి చోట తాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలేసి బిగించేవారు. గుండ్రటి కోళ్లకు, మంచం పట్టెలకు అది ఇప్పటికీ బంగారంలాంటి పద్ధతి. కానీ వాలు అంచు మీద తాడు కూడా జారుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది హ్యాండ్‌స్క్రూ క్లాంపు. వీడియోల్లో చాలాసార్లు చూశాను, ఎప్పుడూ వాడలేదు. రెండు పొడవాటి చెక్క దవడలు, వాటి గుండా రెండు స్క్రూ రాడ్లు. ఒకటి నడుమన, ఒకటి వెనక కొసన. ఒక రాడ్డు పిడి ఒక వైపు ఉంటే రెండో దాని పిడి అవతలి వైపు. రాడ్లు ఎక్కే నట్లు దవడల్లో అటూ ఇటూ తిరుగుతాయి, అందుకే దవడల్ని సమాంతరంగానే కాదు, వాలుగా కూడా నిలబెట్టొచ్చు. అమెరికాలో షికాగోలో 1903లో మొదలైన అడ్జస్టబుల్ క్లాంప్ కంపెనీ జోర్గెన్సెన్ పేరుతో వీటిని తరాల తరబడి అమ్మింది. అక్కడ దవడలకు మేపుల్ చెక్క వాడతారు. సైజును దవడ పొడవుతో చెబుతారు. పది అంగుళాల దానికి నోరు ఆరంగుళాలు తెరుచుకుంటుంది, పన్నెండు అంగుళాల దానికి ఎనిమిదిన్నర. నాకు కావలసింది మూడున్నర అంగుళాల వెడల్పును అయిదు అంగుళాల లోతు వరకు పట్టే నోరు. దవడ పొడవులో దాదాపు సగం దగ్గర నడిమి రాడ్డు అడ్డం వస్తుంది కాబట్టి పది అంగుళాలది సరిగ్గా సరిపోతుంది. కొనేటప్పుడు చాలామంది నోరు ఎంత తెరుచుకుంటుందో ఒక్కటే చూస్తారు. నా లెక్కలో ముందు చూడాల్సింది దవడ ఎంత లోపలికి అందుతుందన్నది.

దవడల దగ్గర నుంచి రాడ్ల దాకా అన్నీ చెక్కతోనే చేసే పాత రకం కూడా ఉంది. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో. కానీ అందులో దవడలు ఇలా వాలవు. పైగా మన డెల్టా గాలిలో, అందులోనూ వానాకాలంలో, చెక్క రాడ్డు మీది మర (మెలి తిరిగిన స్క్రూ గాడి) ఉబ్బి బిగుసుకుపోతుంది. మా బీరువా తలుపులే శ్రావణంలో మూసుకోవు. అందుకని ఇనప రాడ్లే అనుకున్నాను. బయట నుంచి తెప్పించుకుంటే నాలుగింటికి అయ్యే ఖర్చు నా తాహతుకు మించింది. సరే, మనమే చేసుకుందాం అని దిగాను.

దవడలకు నల్లతుమ్మ. బండి చక్రాలకీ నాగళ్లకీ మనవాళ్లు ఊరికే వాడలేదు దాన్ని. అయితే తుమ్మలో తిన్నటి చార దొరకడం కష్టం. మెలి తిరిగిన ముక్కతో దవడ చేస్తే ఏడాది తిరక్కుండా వంకరపోతుంది. రావులపాలెం వైపు ఒక సామిల్లులో రెండేళ్లుగా చూరు కింద పడి ఉన్న దుంగ ఒకటి దొరికింది. నలభై మిల్లీమీటర్ల చదరంలో ఎనిమిది ముక్కలు కోయించి, చిత్రిక పట్టి, మూలమట్టం పెట్టి నాలుగు మొహాలూ సరిచూసుకున్నాను. పని మీద ఆనే మొహం కొంచెం వంకరున్నా క్లాంపు మొత్తం దండగే, అందుకే ఇక్కడ తొందరపడలేదు.

అసలు పని లేతు (ఇనుమును తిప్పుతూ కోసే యంత్రం) దగ్గర. ఒక్కో రాడ్డుకు సగం కుడి మర (కుడికి తిప్పితే బిగిసేది), సగం ఎడమ మర (ఎడమకు తిప్పితే బిగిసేది) ఉండాలి. అప్పుడే ఒక్కసారి తిప్పితే రెండు దవడలూ ఒకదాని వైపు ఒకటి కదులుతాయి. మొత్తం ఒకే మర అయితే రెండూ కలిసి ఒకే పక్కకు ప్రయాణం చేస్తాయి, నోరు మూసుకోనే మూసుకోదు. మాకు దగ్గర్లోని లేతు మేస్త్రి రోజంతా రొయ్యల చెరువుల ఏరేటర్ల షాఫ్టులతో, రైసు మిల్లుల పనితో బిజీగా ఉంటారు. నేను కాగితం మీద గీసింది చూసి నవ్వి, పక్కనున్న సైకిలు పెడలు చూపించారు.

"ఎడమ పెడలుది ఎడమ మరేనయ్యా. ఎందుకనుకున్నావు? తొక్కుతుంటే ఊడిపోకుండా. నీ రాడ్డుకు రెండూ ఒకదాని మీదే కోస్తాను, అంతే కదా?"

పన్నెండు మిల్లీమీటర్ల రాడ్డు, మర దూరం, అంటే ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య ఎడం, 1.75 మిల్లీమీటర్లు. నడుమ వేలి మందం మాత్రం ఖాళీ వదిలి రెండు వైపులా మర కోశారు. ఇరవై రెండు మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ ముక్కలకు అడ్డంగా బెజ్జం వేసి లోపల మర తీస్తే అవే నట్లు. ఎడమ మర ట్యాపు (బెజ్జం లోపల మర కోసే పనిముట్టు) ఆయన దగ్గర లేదు, కాకినాడ నుంచి తెప్పించారు. వారం పట్టింది.

దవడల్లో పక్క నుంచి నట్టుకు బెజ్జం, మొహం నుంచి రాడ్డుకు బెజ్జం. రాడ్డు బెజ్జం గుండ్రంగా వదిలేస్తే దవడ వాలదు. దాన్ని దవడ పొడవునా ఉలితో సాగదీయాలి. మధ్యలో నట్టు దగ్గర ఇరుకుగా, పై మొహాల దగ్గర వెడల్పుగా. ఎనిమిది దవడలు, పదహారు బెజ్జాలు. తుమ్మ కదా, ఉలి ప్రతి బెజ్జానికీ నూరుకోవాల్సి వచ్చింది.

మొదటి క్లాంపు బిగించిన రోజు సంబరం అరగంట కూడా నిలవలేదు. రెండు పిడుల్నీ కుడికి తిప్పితేనే నోరు మూసుకోవాలి అనుకుని, రెండు రాడ్లకూ ఎడమ మర ఉన్న కొసకే పిడి పెట్టి, అడ్డంగా పిన్ను కొట్టి, అరల్డైట్ పోసేశాను. హ్యాండ్‌స్క్రూను తెరిచి మూసే పద్ధతి ఏమిటంటే, రెండు చేతుల్తో రెండు పిడులూ పట్టుకుని సైకిలు తొక్కినట్టు క్లాంపునే గిర్రున తిప్పాలి. నేను తిప్పితే ముందు మూసుకుంటోంది, వెనక తెరుచుకుంటోంది. నాలుగు చుట్లకే దవడలు వంకరపోయి బిగుసుకున్నాయి.

ఆ రాత్రి అన్నం తింటూ కూడా చేతులు గాల్లో తిప్పుకుంటూనే ఉన్నాను. పిడులు ఎదురెదురు వైపుల ఉన్నాయి కాబట్టి, తొక్కినట్టు తిప్పినప్పుడు ఒక దానికది కుడి అయితే రెండో దానికి ఎడమ అవుతుంది. కాబట్టి ఎడమ మర నట్లు రెండూ ఒకే దవడలో, కుడి మరవి రెండూ అవతలి దవడలో ఉండాలి. నడిమి రాడ్డు పిడి ఎడమ మర దవడ వైపు, వెనక రాడ్డు పిడి కుడి మర దవడ వైపు. అలా పెడితే వెనక పిడిని కుడికి తిప్పినప్పుడు వెనక భాగం మూసుకోదు, తెరుచుకుంటుంది. సరిగ్గా మనకు కావలసింది కూడా అదే! నడిమి రాడ్డు దవడల్ని దగ్గరకు లాగి పట్టుకుంటుంది, వెనక రాడ్డు తోకల్ని దూరం తోస్తుంది, ఆ తోపుకి ముందు కొసలు పని మీద నొక్కుకుంటాయి. పట్టకారు పిడులు నొక్కితే కొసలు బిగిసినట్టే, కాకపోతే ఇక్కడ నొక్కడం బదులు తోయడం. పొద్దున్నే లేచి ఒక పిడి రంపంతో కోసి పారేసి, రెండో కొసకు కొత్తది వేశాను. మిగతా మూడు క్లాంపులూ మొదటిసారే కుదిరాయి. పిడి ఒక్క చుట్టు తిప్పితే నోరు మూడున్నర మిల్లీమీటర్లు కదులుతుంది, ఆరంగుళాలు పూర్తిగా మూయాలంటే దాదాపు 44 చుట్లు. సైకిలు తొక్కినట్టు తిప్పితే అది ఏ మాత్రం పట్టదు.

దవడలకు ఏం పూయాలన్నది పెద్ద ప్రశ్న. గమ్ము అంటుకోకూడదు. మా ఇళ్లలో కొబ్బరినూనెకు కొదవ లేదు గానీ దాన్ని దగ్గరకు రానివ్వకండి. నూనె పనిలోకి దిగితే ఆ చోట గమ్మూ పట్టదు, పాలిషూ పట్టదు. కొవ్వొత్తి మైనం రుద్ది గుడ్డతో పాలిష్ చేశాను. రాడ్లకీ మైనమే. గ్రీజు పూస్తే రంపపు పొడి అంటుకుని బంకలా తయారవుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు మాత్రం నెలకోసారి రాడ్లు తుడిచి మళ్లీ మైనం పట్టించాలి, లేదంటే తుప్పు.

ఇక కుర్చీ. ముందు గమ్ము లేకుండా ఒకసారి. క్లాంపును చెయ్యి కొస వైపు నుంచి దూర్చి, దవడల్ని అంచుల వాలుకు తగ్గట్టు తెరిచాను. ముందు కొసలు వెడల్పుగా, లోపల ఇరుకుగా. నడిమి పిడి ఆనేంత వరకు, తర్వాత వెనక పిడి కొద్దికొద్దిగా. దవడకీ అంచుకీ మధ్య ముందొక న్యూస్‌పేపర్ ముక్క, లోపలొకటి పెట్టి లాగి చూశాను. లోపలిది జారి వచ్చేసింది, ముందుది చిరిగింది. అంటే ఒత్తిడంతా కొసల మీదే ఉంది. వెనక పిడి పావు చుట్టు వదులు చేసి, నడిమిది ఇంకొంచెం బిగించాను. రెండు ముక్కలూ ఒకేలా చిరిగాయి. ఈ కాగితం పరీక్ష ఒక్కటి చేస్తే మిగతాదంతా చేతికి అదే తెలుస్తుంది.

గమ్ము పూసి మళ్లీ పెట్టాను. చీలిక మూసుకుంటూ సన్నటి తెల్ల గీత పొడవునా పూసలు పూసలుగా బయటికి వచ్చింది. ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడా ఎక్కువా లేదు. క్లాంపు వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఇంకా బిగిద్దామని చెయ్యి పోయింది గానీ ఆపుకున్నాను, మరీ నొక్కితే గమ్మంతా బయటికొచ్చి లోపల ఏమీ మిగలదు. పైన వాన కురుస్తోంది. ఫెవికాల్ నీరు ఇంకితేనే గట్టిపడుతుంది, వాన గాలిలో అది నిదానం. అందుకని మర్నాడు మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు.

విప్పాక టేకు మీద ఒక్క మచ్చ లేదు. ఎండిన గమ్మును ఉలితో లేపి, పట్టుకాగితం రుద్ది, చీలిక ఉన్న చోట కళ్లు మూసుకుని బొటనవేలు జరిపాను. గీత ఎక్కడుందో వేలికి తెలియలేదు.

ఆ నాలుగు క్లాంపులు ఇప్పుడు రోజూ పనిలో ఉంటున్నాయి. తలుపు రెక్కను నిలబెట్టి అంచు చిత్రిక పట్టాలంటే కింద చెరో మూలా ఒకటి బిగిస్తే కాళ్లలా నిలబడుతుంది. చిన్న ముక్కకు బెజ్జం వేయాలంటే వేళ్లు డ్రిల్లు దగ్గర పెట్టక్కర్లేదు, దవడల్లో పట్టించి క్లాంపునే పట్టుకుంటే సరి. లేతు మేస్త్రికి ఇంకో ఎనిమిది రాడ్లు చెప్పాను, ఈసారి సన్నవి. ఆరంగుళాల చిన్న దవడలకు తుమ్మ ముక్కలు కోసి చూరు కింద పెట్టాను. వానలు తగ్గాక మొదలుపెట్టాలి.