ఒత్తిడి, స్టెరాయిడ్, చూపు మధ్యలో మచ్చ

ఒత్తిడి వల్ల కంటిజబ్బు వస్తుందా అంటే, చాలా జబ్బుల విషయంలో గట్టిగా అవునని చెప్పలేం. ఒక్కదాని దగ్గర మాత్రం రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే చూపు పొర) డాక్టర్లు మొదటే నిద్ర, పని ఒత్తిడి, స్టెరాయిడ్ వాడకం గురించి అడుగుతారు. అదే సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతీ, పొట్టిగా సీఎస్‌సీఆర్.

రెటీనా వెనక కోరాయిడ్ అనే రక్తనాళాల పొర ఉంటుంది. రెండింటి మధ్య ఒకే వరస కణాలు నీరు ఇటు రాకుండా కాపలా కాస్తాయి. కోరాయిడ్ నాళాలు ఉబ్బి ఆ వరస ఎక్కడైనా దెబ్బతింటే, నీరు కారి మాక్యులా, అంటే నేరుగా చూసే చూపునిచ్చే రెటీనా నడిమి భాగం, కింద చేరుతుంది. ఒత్తిడిలో ఒంట్లో పెరిగే కార్టిసాల్ కూడా ఒక స్టెరాయిడే. మందుగా తీసుకున్న స్టెరాయిడ్‌కీ ఈ జబ్బుకీ సంబంధం బలమైనది. మానసిక ఒత్తిడి పాత్ర కూడా కనిపిస్తుంది గానీ, తప్పంతా దానిమీదే వెయ్యకూడదు.

30 నుంచి 50 ఏళ్ల మగవాళ్లలో ఎక్కువ. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. చూపు నడిమధ్యలో బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది, తలుపు అంచు వంకరగా తోస్తుంది, ఆ కంటికి అక్షరాలు చిన్నవవుతాయి. నీరు రెటీనాను ముందుకు నెట్టడంతో కొంత ప్లస్ పవర్ వస్తుంది. దాంతో కొత్త అద్దాలు రాయించుకుని ఊరుకునేవాళ్లున్నారు. అక్కడే కాలం వృథా అవుతుంది.

ఇంట్లో చూసుకోవడానికి 10 సెంటీమీటర్ల చదరంలో 5 మిల్లీమీటర్ల గళ్లు గీసి మధ్యలో చుక్క పెట్టండి. చదివే అద్దాలుంటే పెట్టుకుని, 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ఒక కన్ను పూర్తిగా మూసి, రెండో కంటితో చుక్కనే చూడండి. గీతలు వంగినా, చెరిగినట్టున్నా ఓసీటీ (రెటీనా పొరల్ని కాంతితో చూపించే) స్కాన్ చేయించుకోవాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను లోపాన్ని కప్పేస్తుంది.

స్టెరాయిడ్ అంటే మాత్రలే అనుకుంటారు. ముక్కు స్ప్రే, ఆస్తమా ఇన్‌హేలర్, చర్మానికి రాసే క్రీము, కీలులో వేసిన ఇంజెక్షన్, అన్నీ డాక్టరుకు చెప్పండి. ఎక్కువకాలం వాడిన మాత్రల్ని మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా మానకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇక ఈ నీటిని ఇన్‌ఫ్లమేషన్ వల్ల వచ్చిన వాపుగా పొరబడి స్టెరాయిడ్ ఇస్తే జబ్బు ముదురుతుంది.

చాలామందికి 3, 4 నెలల్లో నీరు తనంతట తానే ఇంకిపోతుంది. అప్పటివరకు ఓసీటీతో గమనిస్తారు. ఇంకకపోతే కాంతితో పనిచేసే వెర్టెపోర్ఫిన్ అనే మందును సగం మోతాదులో నరంలోకి ఎక్కించి, కంట్లో లేజర్ కాంతి వేసే ఫోటోడైనమిక్ చికిత్స చేస్తారు. ఎప్లెరెనోన్ అనే మాత్రలు (అసలు బీపీ, గుండె జబ్బులకు వాడేవి) దీనికి చాలాకాలం రాశారు, కానీ 2020లో వెలువడిన పెద్ద పరిశోధనలో అవి ఉత్తుత్తి మాత్రలకన్నా మెరుగ్గా పనిచేయలేదు. నిద్రలో గురకపెడుతూ ఊపిరి ఆగే సమస్యకూ ఈ జబ్బుకూ సంబంధం కనిపిస్తుంది కాబట్టి, అదుంటే దానికీ పరీక్ష చేయించుకోవడం మంచిది.

50 దాటినవాళ్లకు ఇవే లక్షణాలు వస్తే ఒత్తిడేలే అని ఆగకండి. తడి రకం మాక్యులా క్షీణత (వయసుతో మాక్యులా కింద కొత్త నాళాలు పుట్టి కారే జబ్బు) కూడా ఇలాగే మొదలవుతుంది, దానికి కంట్లో వేసే ఇంజెక్షన్ ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.