జువ్వకు పుల్ల ఎందుకు?

మన బడి పూర్వ విద్యార్థుల సమావేశం సంచికకు ఏదైనా రాయమని కమిటీ తరఫున, మనం 'గడియారం' అని పిలిచే మిత్రుడు మూడుసార్లు ఫోను చేశాడు. పద్మాక్షి గుట్ట ఎక్కిన రోజు గురించీ, భద్రకాళి చెరువు దగ్గర మన 'బూంది' తన చెప్పులు పోగొట్టుకున్న సంగతీ మీరంతా ఎలాగూ రాస్తారు. నేను సైన్సు సారు గురించే రాస్తాను.

1980 జులై 18న మన దేశపు రాకెట్టు ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మనం తొమ్మిదో తరగతి. అంతకుముందు ఏడాది ఆగస్టులో మొదటి ప్రయత్నం సముద్రం పాలైంది కదా, అందుకే సారు ముఖం అంతగా వెలిగిపోయింది. దీపావళి సెలవు కాగానే ఒక తారాజువ్వ తెచ్చి, "దీనికి పుల్ల ఎందుకు?" అన్నారు. సీసాలో నిలబెట్టడానికన్నాం.

ఆయన మాట్లాడలేదు. జువ్వ తూగే చోట దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పారు. మూతి ముందుకే ఉంచి తిరిగింది. పుల్ల తీసేసి, దారం జరిపి మళ్లీ తిప్పితే అడ్డంగా దొర్లింది. అప్పుడు పాత క్యాలెండరు అట్టతో మూడు రెక్కలు కత్తిరించి మైదా జిగురుతో అంటించారు. మూతికి బంకమట్టి ముద్ద పెట్టించారు. జిగురు ఆరేదాకా విసనకర్రతో విసిరింది నేనే. ఈసారి జువ్వ బాణంలా తిరిగింది. గరిమనాభి (బరువు తూగే చోటు) ముందు, గాలి పీడన కేంద్రం (గాలి తోపుడంతా పడే చోటు) వెనక ఉండాలని ఆ రోజు తెలిసింది. దాన్ని వెలిగించడానికి అనుమతి రాలేదు. సారు దాన్ని సైన్సు గది కొక్కేనికి వేలాడదీశారు.

తరవాతి నలభై ఏళ్లు ఎలాగో గడిచాయి. విమానాల బ్రేకులు పరీక్షించే ఉద్యోగంలో స్థిరపడ్డాను. నేను పరీక్షించిన బ్రేకులతో ఇప్పటికీ విమానాలు దిగుతున్నాయి, ఆ మాట మీతో చెప్పుకోవాలని ఉంది.

పోయిన చలికాలం టెక్సాస్‌లో మా గ్యారేజీలో ఒక పెద్ద రాకెట్టు కిట్టు విప్పాను. నాలుగు అంగుళాల గొట్టం, ఐదడుగుల పొడవు. ప్లైవుడ్ రెక్కలు గొట్టంలోని చీలికల గుండా లోపలికి వెళ్లి, మోటారు (మందు కూరిన భాగం) పట్టే గొట్టాన్ని తాకాలి. రెండు రెక్కల మధ్య మూల పైకి వచ్చేలా పడుకోబెట్టి, ఎపాక్సీ జిగురు పోసి, వేలితో నునుపుగా లాగాలి. ఒక మూల గట్టిపడ్డాకే రెండోది. మూడు రెక్కలకు మూడు రాత్రులు పట్టింది. మోటారు కూడా పెట్టి తాడుతో తూచాను. గరిమనాభి పీడన కేంద్రం కన్నా కనీసం గొట్టం వ్యాసమంత ముందుండాలి, నాది ఆరంగుళాలు ముందుంది.

మోటారు హెచ్ తరగతిది. అంటే సారు చెప్పిన ప్రచోదనం (తోసే బలాన్ని అది తోసినంత సమయంతో గుణిస్తే వచ్చేది) 160 న్యూటన్-సెకన్లు దాటి 320 లోపు. ఎగిరి, పారాచూటుతో దెబ్బ తగలకుండా దిగితేనే పెద్ద రాకెట్లు ఎగరేసేవాళ్లకిచ్చే మొదటి స్థాయి ధ్రువపత్రం. పంట కోసిన పొలంలో మీట నొక్కగానే దారి చూపే నిలువు కడ్డీ వదిలి నిట్టనిలువుగా వెళ్లింది. కొయ్యకాళ్ల మధ్య నడిచి వెళ్లి ఎత్తుకుంటే దీపావళి తెల్లారి వాకిలి వాసన. రెక్కలు ఒక్కటీ చిట్లలేదు. పరీక్షించినాయన వేలితో మూలలు తడిమి సంతకం పెట్టారు.

సమావేశానికి రాకెట్టును విడదీసి, మోటారు లేకుండా తెస్తున్నాను. సైన్సు గది కొక్కెం నుంచి ఆ జువ్వను ఎవరు దించారో, ఇప్పుడెక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.