శ్రీలంక అడవుల్లో పది రోజులు: సెలవులు చూసుకుని, వానలు చూసుకుని

మ్యాపులో శ్రీలంక మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు. అది చూసే చాలామంది ఆరు రోజుల్లో ఎనిమిది ఊళ్లు పెట్టుకుని బయల్దేరతారు, సగం రోజులు వ్యానులోనే గడిపి తిరిగొస్తారు. విజయవాడ నుంచి ఒంగోలు రెండున్నర గంటలు అనుకునే లెక్క అక్కడ కొండదారుల్లో పనికిరాదు. కొలంబో విమానాశ్రయం పక్కనున్న నెగొంబో నుంచి కొండ మీది ఊరు నువరెలియాకి 160 కిలోమీటర్లు కూడా ఉండదు, మధ్యలో టీకి ఆగితే ఐదు గంటలు దాటింది. అందుకే మేము గుళ్లూ కోటలూ పూర్తిగా పక్కన పెట్టేశాం. సిగిరియా, అనురాధపురం తప్పక చూడదగ్గవి, కానీ అదొక వేరే ప్రయాణం. ఇది అడవులకీ జంతువులకీ మాత్రమే.

ఎక్కడికి వెళ్లాలన్నది మన ఇష్టం కాదు, మన పిల్లల సెలవులు ఎప్పుడన్నదాన్ని బట్టి ఉంటుంది. అక్కడ రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు కొలంబో, గాలె, పడమటి కొండల మీద పడతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య వానలు తూర్పు తీరంలోని ట్రింకోమలీ వైపు పడతాయి. మధ్యలో అక్టోబరు, నవంబరు ఎక్కడైనా సాయంత్రం ఉరుములతో కురుస్తుంది. అంటే ఆ రెండు నెలలు తప్పిస్తే ఎప్పుడైనా ద్వీపంలో ఏదో ఒక పక్క పొడిగా ఉంటుంది. ఆ పక్కకి వెళ్లడమే తెలివి.

సంక్రాంతి సెలవులైతే దక్షిణ తీరం, నైరుతి అడవులు, కొండలు. వేసవి సెలవుల్లో మే చివర వెళ్లేవాళ్లు దక్షిణ తీరం మాట మర్చిపోవాలి. అప్పుడు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, తిమింగలాల పడవలు ట్రింకోమలీ వైపు నడుస్తాయి. అదే రోజుల్లో విల్పత్తు, యాల అడవుల్లో పాలచెట్లు కాస్తాయి. మన దగ్గర ఎండాకాలంలో అమ్మే పాలపండ్ల చెట్టే, వాళ్లు పలు అంటారు. ఆ పండ్ల కోసం ఎలుగుబంట్లు చెట్లెక్కుతాయి. మిగతా ఏడాదంతా అరుదుగా కనపడే ఎలుగు ఆ కొద్ది వారాల్లో పట్టపగలు కొమ్మ మీద దొరుకుతుంది.

దసరా సెలవులు కాస్త చిక్కు. సెప్టెంబరు నుంచి అక్టోబరు సగం దాకా యాల పార్కులో మొదటి బ్లాకు అనే భాగాన్ని మూసేయడం రివాజు. మిన్నేరియ చెరువు దగ్గర ఏనుగుల జాతర జులై నుంచి అక్టోబరు వరకు అంటారు. చెరువు నీళ్లు తగ్గి శిఖంలో లేత గడ్డి మొలిచినప్పుడు చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగులన్నీ అక్కడికి చేరతాయి. ఈమధ్య పైనుంచి నీళ్లు వదలడం వల్ల చెరువు నిండుగానే ఉండి గడ్డి బయటపడని ఏళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి బుక్ చేసే ముందు మిన్నేరియలో నీళ్లెంత ఉన్నాయో జీపువాళ్లని అడగాలి. నిండుగా ఉందంటే పక్కనే ఉన్న కౌడుల్లకి వెళ్లాలి.

మేము ఎంచుకున్నది జనవరి. స్కూలు సెలవులకి ముందో వెనకో ఒక రోజు కలిపితే తొమ్మిది రాత్రులు వస్తాయి. విజయవాడ నుంచి పొద్దున్నే పినాకినిలో చెన్నై, అక్కడ సెంట్రల్ నుంచి మెట్రోలో నేరుగా విమానాశ్రయం. గుంటూరు వాళ్లు ఇంత దూరం రాకుండా తెనాలిలో ఎక్కొచ్చు. పినాకిని చెన్నై చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. సాయంత్రం ఆరు తర్వాత ఉన్న విమానమే తీసుకోవాలి, ఎందుకంటే రైలు టికెట్టూ విమానం టికెట్టూ వేరువేరు. రైలు ఆలస్యమై విమానం తప్పితే ఆ డబ్బు ఎవరూ తిరిగివ్వరు. గన్నవరం నుంచి విమానంలో చెన్నై వెళ్లినా విడి టికెట్లయితే ఇదే సమస్య. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతి రోజుల్లో ఆ పొద్దున్నే కూర్చుని రానూపోనూ రెండూ చేసేయాలి. చెన్నై నుంచి కొలంబోకి గాలిలో గంటన్నర కూడా పట్టదు. గడియారం మార్చుకోనక్కర్లేదు, ఇద్దరిదీ ఒకటే సమయం.

ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. దాన్ని ఈటీఏ అంటారు. భారతీయులకి దాని రుసుము, నిబంధనలు ఈమధ్య చాలాసార్లు మారాయి, అందుకని పాత వీడియోలు నమ్మకుండా ప్రభుత్వ సైటులోనే చూడాలి. అచ్చం దానిలాగే కనపడే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో పైన వస్తాయి, అదనంగా గుంజుతాయి. చిరునామా చివర గవ్ డాట్ ఎల్‌కే ఉందో లేదో చూసుకుంటే చాలు. ఇంకొకటి, పాస్‌పోర్ట్ హోటల్ లాకరులో పెట్టి అడవికి వెళ్లకండి. సార్క్ దేశాల వాళ్లకి పార్కు టికెట్టులో తగ్గింపు ఉంది, అది పాస్‌పోర్ట్ చూపిస్తేనే ఇస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐ మొదలైంది, పెద్ద దుకాణాల్లో నడుస్తుంది. అడవి పక్క ఊళ్లలో మాత్రం నోట్లే కావాలి. ప్లగ్గులు కొత్త హోటళ్లలో మూడు చదరపు పిన్నులవి, పాతవాటిలో మనలాంటి గుండ్రటివి, కాబట్టి ఒక అడాప్టర్ జేబులో ఉండాలి.

మా దారి ఇది: నెగొంబోలో ఒక రాత్రి, నువరెలియాలో రెండు, ఎల్లలో ఒకటి, ఉడవలవెలో ఒకటి, దెనియాయలో రెండు, మిరిస్సలో రెండు. డ్రైవరుతో సహా కారు తొమ్మిది రోజులకి మాట్లాడుకున్నాం. మాట్లాడేటప్పుడు నాలుగు విషయాలు రాతలో అడగాలి: రోజుకి ఎన్ని కిలోమీటర్లు కలిపి ఉన్నాయి, హైవే టోల్ ఎవరిది, డ్రైవరు బస, భోజనం ఎవరివి, ఖాళీగా ఉండే రోజుకి కూడా అద్దె ఉందా. చాలా హోటళ్లలో డ్రైవరుకి గది ఉంటుంది, చిన్న హోంస్టేలలో ఉండదు. ఆ సంగతి ముందు తేల్చుకోకపోతే రాత్రి పదింటికి అతనికి పక్క ఊళ్లో గది వెతకాల్సొస్తుంది.

నువరెలియాకి వెళ్లేది హోర్టన్ ప్లెయిన్స్ కోసం. రెండు వేల మీటర్లకి పైన పచ్చిక మైదానాలు, మొయిళ్లు తాకే పొట్టి చెట్లు, మధ్యలో తొమ్మిది కిలోమీటర్ల చుట్టు నడక. చివర వరల్డ్స్ ఎండ్ దగ్గర నేల ఒక్కసారిగా ఆగిపోయి 800 మీటర్లకి పైగా లోయ. తొమ్మిది, పదింటికల్లా లోయలోంచి మంచు లేచి తెల్లటి గోడలా నిలబడుతుంది, ఆ తర్వాత వెళ్లినవాళ్లకి ఏమీ కనపడదు. అందుకే తెల్లవారుజామున ఐదింటికల్లా హోటల్లో బయల్దేరాలి, ముందు లోయ చూసి తర్వాత బేకర్స్ జలపాతం వైపు తిరగాలి. గేటు దగ్గర సంచులు వెతికి పాలిథిన్ కవర్లు తీసేస్తారు. పొద్దుటి టిఫిన్ స్టీలు డబ్బాలో పెట్టించుకుంటే ఆ గొడవ లేదు. జనవరి పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉండే రోజులుంటాయి. మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది అదే, ఉలెన్ టోపీ, స్వెటర్ లేకుండా మొదటి గంట నడవలేరు.

నువరెలియాకి రైల్వే స్టేషన్ ఊళ్లో లేదు, నాను ఓయలో ఉంది. అక్కడి నుంచి ఎల్లకి మూడు గంటల రైలు. సామాను కారులో పంపి మనం రైలెక్కాలి. రిజర్వేషన్ 30 రోజుల ముందు తెరుచుకుంటుంది, త్వరగా అయిపోతుంది. ఫస్టు క్లాసు ఏసీలో కిటికీ తెరుచుకోదు, కాబట్టి రెండో తరగతే మేలు. దొరకకపోతే అన్‌రిజర్వ్‌డ్ టికెట్ అప్పటికప్పుడు కౌంటర్లో ఇస్తారు, నిలబడడానికి సిద్ధపడాలి. పట్టిపొల స్టేషన్ 1,898 మీటర్ల ఎత్తున ఉంది, ఆ లైనులో అదే ఎత్తైనది. అది దాటగానే ఒక సొరంగం వస్తుంది. సొరంగం ఇవతల ముసురు, అవతల ఎండ! కొండ శిఖరం రెండు రుతుపవనాలకీ మధ్య గోడ కాబట్టి ఇలా జరుగుతుంది. వానలు ఎక్కువైతే కొండచరియలు పడి ఈ లైను మూసేస్తారు. ముందురోజు స్టేషనులో అడగాలి, కారుని వదులుకోకూడదు.

ఉడవలవెలో ఏనుగులు ఏడాది పొడుగునా ఉంటాయి. వలవె నదికి ఆనకట్ట కట్టి అడవి మునిగినప్పుడు, అక్కడి జంతువుల కోసం 1972లో ఈ పార్కు ఏర్పాటు చేశారు. నీళ్లలో ఎండిన చెట్ల మోళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. జీపు మాట్లాడేటప్పుడు జీపు అద్దె, పార్కు టికెట్, జంతువుల జాడ చూపే ట్రాకరు ఖర్చు విడివిడిగా చెప్పించుకోవాలి. 'అంతా కలిపి' అన్న మాటలోనే సందు ఉంటుంది. డ్రైవరుకి ముందే ఒక మాట చెప్పాలి: ఏనుగు కనపడగానే ఇంజన్ ఆపమని. ఇంజన్ ఆగితే గడ్డి తెగే శబ్దం వినపడుతుంది. ఏనుగు ముందరి కాలి గోళ్లతో గడ్డి దుబ్బుని తన్నుతుంది, రెండు మూడు తన్నులకి వేళ్లతో సహా ఊడొస్తుంది. దాన్ని తొండంతో పట్టుకుని మోకాలికేసి కొడుతుంది, మన్నంతా రాలాకే నోట్లో పెట్టుకుంటుంది. ఇసుక నమిలితే పళ్లు అరిగిపోతాయి, ఏనుగుకి పళ్లు అరిగాయంటే ఆయుష్షు తీరినట్టే. ఒక పిల్ల ఏనుగు తల్లి పక్కన అదే పని చేయబోయి, గాలిలోకి తన్ని, చివరికి తల్లి నోటి దగ్గర గడ్డి లాక్కుంది.

పార్కు పక్కనే తల్లి లేని గున్న ఏనుగుల్ని పెంచి మళ్లీ అడవిలోకి వదిలే ట్రాన్సిట్ హోమ్ ఉంది, 1995 నుంచి నడుస్తోంది. పాలు పట్టే వేళకి దూరం నుంచి చూడనిస్తారు, తాకనివ్వరు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఏనుగు మీద ఎక్కించే చోట్లకీ, గొలుసు కట్టి స్నానం చేయించనిచ్చే చోట్లకీ దయచేసి వెళ్లకండి. రోడ్డు పక్క కరెంటు కంచె దగ్గర నిలబడే ఏనుగులకి అరటిపండ్లు వేయడం కూడా తప్పే. అలా అలవాటైన ఏనుగు రేపు ఊళ్లోకి వస్తుంది, దెబ్బలు తినేది అదే.

దెనియాయ పక్కనున్న సింహరాజ అడవికి వానాకాలమంటూ వేరే లేదు, అది ఎప్పుడూ వాన అడవే. 1988లో యునెస్కో జాబితాలో చేరింది. గైడు లేకుండా లోపలికి పంపరు. పక్షులు చూసేవాళ్లు కుడవ గేటు వైపు దిగుతారు, మిరిస్స దారిలో ఉండేవాళ్లకి దెనియాయ అనుకూలం. పొద్దున ఏడింటికి లోపల ఉండాలి, మధ్యాహ్నం దాటితే వర్షం. పక్షులు ఒక్కొక్కటిగా కనపడవు. అరగంట ఆకు కదలదు, ఉన్నట్టుండి పదికి పైగా రకాల పక్షులు కలిసి మందలా వచ్చి పది నిమిషాల్లో దాటిపోతాయి. ఒకటి కదిపిన పురుగుల్ని ఇంకొకటి పట్టుకోవడానికే ఆ సావాసం. ముందు బాబ్లర్ పిట్టల రొద, దాని వెంట ఏట్రింత (డ్రాంగో) పిట్ట కూత వినపడితే నడక ఆపి నిలబడాలి.

జలగల సంగతి చెప్పాలి. ఆకుల మీద అగ్గిపుల్లంత సన్నగా నిలబడి మన వేడికి ఊగుతుంటాయి. మామూలు సాక్సు నేతలోంచి దూరిపోతాయి. ఒత్తు నేత గుడ్డతో మోకాలి దాకా వచ్చే జలగ మేజోళ్లు గేటు దగ్గర అద్దెకిస్తారు, ప్యాంటు వాటి లోపలికి దోపి పైన తాడు బిగించాలి. పట్టుకుంటే పీకకండి, పీకితే గాయం పెద్దదవుతుంది. దాని సన్నటి కొస దగ్గర గోరు అడ్డంగా పెట్టి చర్మానికి ఆనించి జరిపితే వదిలేస్తుంది. రక్తం గంటల తరబడి కారడం చూసి భయపడొద్దు. గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది. సబ్బుతో కడిగి గట్టిగా కట్టు కడితే చాలు.

తిండికి మనవాళ్లకి ఇబ్బంది లేదు, కారం మన లెక్కలోనే ఉంటుంది. గుంటూరు మిర్చి కొనే దేశమే కదా అది. అన్నం, పరిప్పు అనే పప్పు, నాలుగు కూరలు, ఇడియాప్పం, కొబ్బరి పచ్చడి లాంటి సంబల్. శాకాహారులు జాగ్రత్త పడాల్సింది సంబల్ దగ్గరే. అందులో, కొన్నిచోట్ల పప్పులో కూడా, ఉంబలకడ అనే ఎండుచేపల పొడి వేస్తారు. 'వెజ్' అంటే మాంసం ముక్క లేకపోవడమనే అర్థం చేసుకుంటారు. 'ఉంబలకడ ఎపా' అంటే ఆ పొడి వద్దని, ఆ ఒక్క మాట నేర్చుకుంటే సరిపోతుంది.

మిరిస్సలో రెండు రాత్రులు పెట్టింది సముద్రం ఒక పొద్దున బాగోకపోతే రెండో పొద్దున ఉండాలని. ద్వీపం దక్షిణ కొసన లోతు సముద్రం తీరానికి బాగా దగ్గర, అందుకే నీలి తిమింగలాలు అక్కడ కనపడతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కాలం. పడవ ఆరున్నరకి బయల్దేరుతుంది. వాంతుల మాత్ర ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. ఖాళీ కడుపుతో కాదు, రెండు బిస్కెట్లు తిని, పడవ మధ్యలో కూర్చుని, దూరంగా నీళ్లు ఆకాశం కలిసే గీతనే చూడాలి. వంద మీటర్ల కన్నా దగ్గరికి పోకూడదన్నది నియమం. టికెట్ కొనేటప్పుడే ఆ దూరం పాటిస్తారా అని అడగండి, 'బాగా దగ్గరికి తీసుకెళ్తాం' అన్నవాళ్ల పడవ ఎక్కకండి.

మిరిస్స నుంచి విమానాశ్రయానికి దక్షిణ ఎక్స్‌ప్రెస్ వే మీద మూడు గంటలు. తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతదైతే ఆ పొద్దున కూడా సముద్రంలోకి వెళ్లొచ్చనిపిస్తుంది. వెళ్లొద్దు. గాలి మారితే పడవ పదకొండుకి రావాల్సింది ఒంటిగంటకి వస్తుంది.