ఇమ్యూనోథెరపీకి ముందు ఒక్క ముక్క పరీక్ష చాలునా?

గుంటూరులో ఉంటున్న మా బాబాయిగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి మా ఇంట్లో అందరి నోటా నానుతున్న మాట పీడీ-ఎల్1. క్యాన్సర్ కణం ఈ ప్రొటీన్‌ను అడ్డుపెట్టుకుని తన మీదికి వచ్చిన టీ కణాన్ని, అంటే ఒంటిని కాపాడే రోగనిరోధక కణాన్ని, నీరుగారుస్తుంది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి ఇమ్యూనోథెరపీ మందులు టీ కణం వైపు నుంచి ఆ పట్టు కుదరకుండా చేస్తాయి. గడ్డ నుంచి తీసిన ముక్కలో (బయాప్సీ) ఎంత శాతం కణాల మీద పీడీ-ఎల్1 ఉన్నదో చూసి, ఇమ్యూనోథెరపీ ఒక్కటే ఇవ్వాలా, కీమోతో కలిపి ఇవ్వాలా అని వైద్యులు ఆలోచిస్తారు.

ఆ శాతం మీదనే నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. ఊపిరితిత్తిలోని గడ్డలోనూ, కాలేయానికి పాకిన గడ్డలోనూ ఈ ప్రొటీన్ ఒకే మోతాదులో ఉండాలని లేదు. ఒకే గడ్డలో సైతం చోటును బట్టి తేడా ఉంటుంది. మిర్చి యార్డులో ఒక్క టిక్కీ విప్పి చూసి లాటు మొత్తానికి ధర కట్టడం వంటిదే ఇది.

ఒళ్ళంతా ఒకేసారి చూసే మార్గం కోసం నెదర్లాండ్స్ పరిశోధకులు పీడీ-ఎల్1ను పట్టుకునే అటెజోలిజుమాబ్ అనే మందుకే జిర్కోనియం-89 అనే రేడియోధార్మిక పదార్థాన్ని జోడించి, 22 మంది రోగులకు ఇచ్చి, ఆ పదార్థం చేరిన చోటు మెరుస్తూ కనిపించే పెట్ స్కాన్ తీశారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఒకే మనిషిలో గడ్డకూ గడ్డకూ మెరుపులో తేడా కనిపించింది. మందుకు ఎవరు స్పందిస్తారన్నది ముక్క పరీక్ష కన్నా స్కానే మెరుగ్గా సూచించింది. 22 మంది చిన్న సంఖ్యే కనుక దీన్ని తుది తీర్పుగా నేను తీసుకోను. గడ్డలోకి క్యాన్సర్ కణాలను చంపే సీడీ8 రకం టీ కణాలు అసలు చేరాయా లేదా అని చూపే స్కాన్ల మీద కూడా పరిశోధన సాగుతోంది.

జిర్కోనియంనే ఎంచుకోవడానికి కారణముంది. అటెజోలిజుమాబ్ వంటి యాంటీబాడీ గడ్డలో కుదురుకోవడానికి రోజులు పడుతుంది. జిర్కోనియం-89 అర్ధాయుష్షు, అంటే అది సగానికి తరిగిపోయే కాలం, సుమారు 78 గంటలు. మామూలు పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18కి అది 110 నిమిషాలే, అంటే హైదరాబాదులో బండి ఎక్కించిన మందు ఐదు గంటల తర్వాత విజయవాడ చేరిందనుకుంటే ఆరో వంతు కూడా మిగలదు. అయితే ఎక్కువ కాలం నిలిచే పదార్థం వల్ల ఒంటికి తగిలే రేడియేషన్ కూడా ఎక్కువే.

ప్రస్తుతానికి మనవంటి వారికి అందేది గ్లూకోజును పోలిన ఎఫ్‌డీజీతో తీసే మామూలు స్కానే. దానితో చిక్కేమిటంటే, చురుకెక్కిన టీ కణాలు కూడా గ్లూకోజును బాగా పీల్చుకుంటాయి కాబట్టి, మందు పనిచేస్తున్న గడ్డ సైతం ముందటి కన్నా పెద్దదిగా, ప్రకాశవంతంగా కనిపించవచ్చు. ఇది అరుదే, పెరిగినట్టు కనిపించిన గడ్డ చాలాసార్లు నిజంగా పెరిగినదే. అందుకే ఇమ్యూనోథెరపీలో గడ్డ తగ్గిందో పెరిగిందో తేల్చడానికి 2017లో వచ్చిన ఐరెసిస్ట్ మార్గదర్శకాలు, రోగి పరిస్థితి నిలకడగా ఉంటే, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మళ్ళీ స్కాన్ తీసి నిర్ధారించుకోమంటాయి. థైరాయిడ్‌లోనో పేగులోనో కొత్తగా మెరుపు కనిపిస్తే అది క్యాన్సర్ పాకడం కాక, మందు వల్ల వచ్చిన వాపు కావచ్చు. ఈ తేడా పట్టడానికి చికిత్సకు ముందు తీసిన స్కాన్ తప్పనిసరి కనుక, బాబాయిగారి ఫైలులో రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీని కూడా పెట్టించాను.