ఆవిరి తొలగేదాకా

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో మా మొదటి ఉదయమంతా తెల్లటి ఆవిరిలోనే గడిచిపోయింది.

సూర్యోదయపు వెలుగులో గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే వేడినీటి ఊటను ఫొటో తీయాలని చీకటితోనే బయలుదేరాం. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ వెలుగు మెత్తగా ఉంటుందన్నది కెమెరా పట్టినవాళ్లు మొట్టమొదట నేర్చుకునే పాఠం. కానీ అక్కడ నేల ఎత్తు రెండు వేల మీటర్ల పైమాట. ఆగస్టులో కూడా వేకువన వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ చలిగాలి వేడినీళ్లను తాకేసరికి ఆవిరి గోడకట్టినట్టు లేచింది. చెక్కబాట మీద నాకు నాలుగడుగుల దూరంలో ఉన్న అన్నయ్యే మసకగా కనిపించాడు. సుమారు వంద మీటర్ల వెడల్పున్న ఊట ఎదురుగా ఉంటే, దాని రంగు ఒక్కటి కూడా కంటపడలేదు.

"పోనీ, రేపు వద్దామా?" అన్నాడు అన్నయ్య.

"వద్దు, ఇక్కడే ఉందాం" అన్నాను. మోటార్‌హోమ్‌లో వచ్చినందుకు దక్కే గొప్ప సుఖం ఇదే. గది ఖాళీ చేయాల్సిన వేళ అంటూ ఉండదు, వెనక్కి పరుగెత్తాల్సిన పని లేదు. పడక, పొయ్యి, పొడి బట్టలు అన్నీ పాతిక అడుగుల బండిలో మన వెంటే ఉంటాయి. ఒక చోటు నచ్చితే అది తన ముఖం చూపించేదాకా కాచుకుని కూర్చోవచ్చు. బండికి చోటు దొరికింది కనుక అక్కడే ఆగిపోయాం. అన్నయ్య మళ్లీ నిద్రపోయాడు. నేను చెక్కబాట మీద అంచుల వెంబడి తిరిగాను.

దూరపు దృశ్యం దొరకలేదు కాబట్టి దగ్గరివాటి మీద పడింది నా చూపు. ఊట నుంచి పారే పలుచటి నీటి కింద నారింజరంగు పొర ఒకటి పరుచుకుని ఉంది. తోలు ముడతలు పడినట్టు, దువ్వెనతో దువ్వినట్టు సన్నని గీతలు. అది రాయి కాదు, మట్టి కాదు. వేడినీళ్లలో బతికే సూక్ష్మజీవులు కోట్లకొద్దీ కలిసి అల్లుకున్న చాప. దాని మీద ఏదో బైసన్, అంటే అమెరికా అడవిదున్న, నడిచివెళ్లిన గిట్టల గుర్తులు లోతుగా దిగి, వాటిలో నీళ్లు నిలిచి, ఒక్కో గుంటలో చిన్న ఆకాశం కనిపించింది. మోకాళ్ల మీద కూర్చుని ఆ గుంటలనే ముప్పై నలభై ఫొటోలు తీశాను.

పొద్దు నడినెత్తికి వచ్చాక ఫెయిరీ ఫాల్స్ బాట పట్టి, పక్కనున్న కొండవాలు మీద, ఊటను పైనుంచి చూసే చోటికి ఎక్కాం. గాలి వేడెక్కడంతో ఆవిరి పలుచనైంది. కింద ఊట కనిపించింది. నడిమధ్య చిక్కటి నీలం, దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరన గోధుమరంగు కిరణాల్లా నలుదిక్కులకూ పాకి ఉంది. నాకు మాట రాలేదు. నడిమధ్య నీళ్లు మరీ వేడి, ఆ సూక్ష్మజీవులు అక్కడ నిలవలేవు. అందుకే లోతైన స్వచ్ఛమైన నీటి నీలమే మిగులుతుంది. అంచులకు పోయేకొద్దీ నీళ్లు చల్లబడతాయి, ఒక్కో వేడిమికి ఒక్కో జాతి, ఒక్కో జాతికి ఒక్కో రంగు. వేసవి ఎండ నుంచి కాపాడుకోవడానికి వాటిలో పసుపు, నారింజ వర్ణకాలు పెరుగుతాయట. చలికాలంలో ఆకుపచ్చ ఎక్కువవుతుంది. అంటే నేను తీసింది ఆ ఊట వేసవి రూపం. అదీ ఫొటోలకు పనికిరాదని అందరూ చెప్పే మిట్టమధ్యాహ్నపు ఎండలో. నీటి మెరుపు తగ్గడానికి పోలరైజర్ ఫిల్టర్ తిప్పుతుంటే రంగులు ఒక్కొక్కటిగా చిక్కబడుతూ వచ్చాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. గీజర్ల, అంటే వేడినీళ్లను పైకి చిమ్మే ఊటల, తుంపర్లలో సిలికా అనే ఖనిజం ఉంటుంది. లెన్స్ మీద పడి ఎండితే ఆ మచ్చ వదలదు. నా ఫిల్టర్ మీద అలాంటి చుక్క ఒకటి ఇప్పటికీ ఉంది. తుంపర పడగానే తడి ఆరకముందే మెత్తటి గుడ్డతో అద్దేయాలి.

తరువాతి రెండు రాత్రులు ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర. ఆ పార్కు మొత్తంలో నీరు, కరెంటు, మురుగు గొట్టం మూడూ దొరికే మోటార్‌హోమ్ మజిలీ అదొక్కటే. ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక గుడారాలను రానివ్వరు, గట్టి గోడలున్న బండ్లే ఉండాలి. ట్యాంకులు ఖాళీ చేసుకున్నాం, మంచినీళ్లు నింపుకున్నాం, కెమెరా బ్యాటరీలన్నీ ఛార్జింగ్‌కు పెట్టాం.

ఆ రాత్రి విలియం హెన్రీ జాక్సన్ గుర్తుకొచ్చాడు. 1871లో ఈ నేలను పరిశీలించడానికి వచ్చిన హేడెన్ సర్వే బృందంతో ఈ ప్రాంతానికి వచ్చిన ఫొటోగ్రాఫర్. బరువైన కెమెరాలు, గాజుపలకలు, రసాయనాలు కంచరగాడిదల మీద మోయించుకు తిరిగాడు. అప్పటి పద్ధతిలో గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అందుకని చీకటి గుడారాన్ని కూడా వెంట మోసుకెళ్లాడు. అతని ఫొటోలు, అదే బృందంలో ఉన్న చిత్రకారుడు థామస్ మోరాన్ బొమ్మలు అమెరికా చట్టసభ సభ్యుల కళ్లకు ఈ నేలను చూపించాయి. 1872 మార్చి 1న ఎల్లోస్టోన్ జాతీయ పార్కు అయింది. ఒక ఫొటో ఇంత పని చేయగలదని తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ పార్కులోనే లమార్ లోయలో సాయంత్రం. రోడ్డు వారగా బండి ఆపుకునే చోట నిలిపి, ఇంజన్ ఆపేశాం. ఇంజన్ నడుస్తుంటే ఆ అదురు ఫొటోలో తెలిసిపోతుంది. పడక పక్కనున్న కిటికీ తెరిచి, చౌకట్టు మీద దిండు వేసి, దానిమీద పెద్ద లెన్స్ ఆనించాను. ఆగస్టు మొదట్లో బైసన్‌లు జతకట్టే కాలం. మగవి ఒకదాన్నొకటి నిలవేసుకుని, గొంతులోంచి ఉరుములాంటి చప్పుడు చేస్తూ, దుమ్ములో పొర్లుతున్నాయి. ఎదురెండలో ఆ దుమ్ము బంగారు పొడిలా లేచింది. లోపల ఎవరు అడుగు వేసినా బండి సన్నగా ఊగుతుంది.

"అన్నయ్యా, కదలకు!"

"ఊపిరి కూడా పీల్చను, నువ్వు తియ్యి."

మందలో ఒక భాగం రోడ్డు దాటుతూ మా కిటికీ కిందుగానే వెళ్లింది. నడిచే మనిషి వాటికి కనీసం 23 మీటర్ల దూరంలో ఉండాలన్నది నియమం. మనకంటే మూడు రెట్లు వేగంగా పరుగెత్తగలవు మరి. మేము బండిలో ఉన్నాం, వాటంతట అవే వచ్చాయి. ఒక తల్లి ఆగి తల పైకెత్తింది. కంటిచుట్టూ ముసిరిన ఈగలు, గడ్డంలో చిక్కుకున్న గడ్డిపరకలు, భుజం మీద ఇంకా రాలని చలికాలపు జూలు. పక్కన దూడ పుట్టినప్పటి ఎరుపు వదిలి గోధుమరంగులోకి తిరుగుతోంది. 1902 నాటికి ఈ పార్కులో మిగిలినవి పాతికకు లోపేనని చదివాను. ఆ దూడ బండి చక్రాన్ని వాసన చూసి వెళ్లింది. అప్పుడు నేను కెమెరా నొక్కలేదు. చూస్తూ ఉండిపోయాను.

దక్షిణంగా పక్కనున్న గ్రాండ్ టీటన్ జాతీయ పార్కుకు దిగాక జాక్సన్ సరస్సు ఒడ్డున ఒక రాత్రి పాలపుంతను తీశాను, ఒక్కో ఫొటోకు ఇరవై సెకన్ల చొప్పున. పెర్సీడ్ ఉల్కలు రాలే రోజులవి. ఒకే ఒక్కటి ఫ్రేములో పడింది. అది చాలు.

ఆక్స్‌బో బెండ్ అనే నదివంపు దగ్గర తెల్లవారింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. 3,842 మీటర్ల కొండ తలకిందులుగా అందులో నిలబడింది. దాని పేరు మౌంట్ మోరాన్, ఆ 1871 నాటి చిత్రకారుడి పేరే. అక్కడి నుంచి ఇంకా దక్షిణంగా, స్నేక్ నది కనిపించే గట్టు దగ్గర ఆగాం. 1942లో అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తన ప్రసిద్ధ ఫొటో తీసిన చోటు అది. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన చిత్రాల్లో అదీ ఒకటి. నలుపు తెలుపుల్లో, వెండితీగలా వంపు తిరిగిన నది. చిన్నప్పటి నుంచీ నా మనసులో ముద్రపడిన బొమ్మ. గోడ దగ్గరకు వెళ్లి చూస్తే ఆ వంపును చెట్లు చాలావరకు కప్పేశాయి. ఇన్నేళ్లలో పెరిగిన చెట్లు.

అన్నయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. "నది కనబడడమే లేదు కదా, ఏం తీస్తున్నావు?"

"చెట్లు, అన్నయ్యా" అన్నాను. ఉదయం తొమ్మిది దాటింది, కొమ్మల మీద ఎండ ఇంకా పడుతూనే ఉంది. అన్నయ్య బండిలోంచి రెండు మడతకుర్చీలు తెచ్చి వేశాడు.