అడగని ప్రశ్నలకు జవాబులు

ఆస్ట్రేలియా రాజధాని క్యాన్‌బెర్రాలో చాలా కేంద్ర ప్రభుత్వ శాఖల్లో పనిదినం 7 గంటల 21 నిమిషాలు. కొత్తగా చేరినవాళ్ళు టైమ్‌షీట్‌లో ఆ అంకె చూసి సాఫ్ట్‌వేర్ ఏదో తప్పు లెక్క వేసిందనుకుంటారు. వారానికి 36 గంటల 45 నిమిషాలని ఒప్పందం; అయిదుతో భాగిస్తే వచ్చేది అదే. అంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటే ఆ నిమిషాలు ఫ్లెక్స్ ఖాతాలో జమపడతాయి, మరో రోజు తొందరగా బయటపడొచ్చు. మామూలుగా నా ఖాతాలో పెద్దగా ఏమీ మిగలదు. పార్లమెంటు ఎగువసభ ఖర్చుల మీద ప్రశ్నించే సెనెట్ ఎస్టిమేట్స్ దగ్గరపడే వారాల్లో మాత్రం నిండి పొంగుతుంది.

నాది ఎగ్జిక్యూటివ్ అసిస్టెంటు పని. ఆస్ట్రేలియన్ పబ్లిక్ సర్వీసులో మెట్లు ఏపీఎస్ 1 నుంచి 6 దాకా, ఆ పైన ఈఎల్ (ఎగ్జిక్యూటివ్ లెవెల్) 1, 2, వాటి పైన పెద్ద అధికారుల ఎస్‌ఈఎస్ మూడు బ్యాండ్లు. నేను ఏపీఎస్ 4. మా బ్రాంచి హెడ్ ఎస్‌ఈఎస్ బ్యాండ్ 1. ఆమె క్యాలెండరు, ఆమె ప్రయాణాలు, ఆమె సంతకానికి వెళ్ళే కాగితాలు నా చేతి మీదుగా నడుస్తాయి.

ఇందులోకి సూటిగా రాలేదు. 1999 నాటి పబ్లిక్ సర్వీస్ చట్టం ప్రకారం శాశ్వత ఉద్యోగానికి సాధారణంగా పౌరసత్వం ఉండాలి. పౌరసత్వానికేమో ఈ దేశంలో నాలుగేళ్ళ నివాసం, అందులో చివరి ఏడాది పర్మనెంట్ రెసిడెంటుగా. అందాకా నాలాంటివాళ్ళు మనుషుల్ని అద్దెకు పంపే లేబర్ హైర్ కంపెనీల ద్వారా కాంట్రాక్టు మీద చేరుతుంటారు. పక్కపక్క కుర్చీలు, ఒకటే పని. సెలవులూ భద్రతా వేరు. మెడలో వేలాడే పాసు రంగు కూడా వేరే ఉండేది. పాసు రంగు ఎవరూ పట్టించుకోరని అందరూ అంటారు. పట్టించుకుంటారు.

మొదట్లో నన్ను ఇబ్బంది పెట్టింది పని కాదు, పిలుపు. సెక్రటరీ అంటే శాఖ మొత్తానికి అధిపతి, ఆయన్ని కూడా అందరూ పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు వచ్చేది కాదు. చాలాకాలం ఎవరి పేరూ అవసరం పడకుండా వాక్యాలు అల్లుకునేదాన్ని, వాళ్ళు నా వైపు తిరిగేదాకా ఆగి మాట్లాడేదాన్ని. ఇప్పుడు పేర్లు అలవోకగా వస్తాయి. ఫోన్లో మా పెదనాన్నకి మా పై అధికారి గురించి చెప్పేటప్పుడు మాత్రం "మేడమ్" అనే అంటాను.

మనవాళ్ళు ఇక్కడ ఎక్కువగా ప్రభుత్వ శాఖల ఐటీ కాంట్రాక్టుల్లో ఉంటారు. అడ్మిన్ ఉద్యోగమంటే కాస్త చిన్నచూపు. ఈ మధ్య ఊరికి ఉత్తరాన ఉన్న గంగాలిన్ నుంచి వచ్చే లైట్ రైల్లో పరిచయమైన ఒక అమ్మాయి అడిగింది, "అక్కా, ఏమీ అనుకోవద్దు, అది కాఫీలు అందించే ఉద్యోగం కాదు కదా?" అని. "మా బ్రాంచి హెడ్ కూడా తన కప్పు తనే కడుక్కుంటుందమ్మా, డిష్‌వాషర్ ఖాళీ చేసే వంతుల పట్టికలో ఆమె పేరూ ఉంది" అన్నాను. నమ్మలేదు. మరి ఏం చేస్తావని అడిగింది. చెప్పడం కష్టమే. ఎవరూ అడగకపోవచ్చని తెలిసిన ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేయిస్తాను అంటే ఎవరికి అర్థమవుతుంది?

ఎస్టిమేట్స్ అంటే అదే మరి. సాధారణంగా ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, మే, అక్టోబరు ప్రాంతాల్లో సెనెట్ కమిటీలు ఒక్కో శాఖ అధికారుల్ని పిలిచి కూర్చోబెట్టి ఖర్చుల మీద ప్రశ్నలు వేస్తాయి. పొద్దున తొమ్మిదింటికి మొదలైతే రాత్రి పదకొండు దాకా సాగొచ్చు. అంతా ప్రత్యక్ష ప్రసారం. ఏ సెనెటర్ ఏం అడుగుతాడో తెలియదు కాబట్టి ప్రతి బ్రాంచీ తన పనిలో తగిలే ప్రతి అంశం మీదా ఒక బ్రీఫ్, అంటే ముందే సిద్ధం చేసిన జవాబు, రాయాలి. ఒక్కో బ్రీఫ్‌కి ఒక రచయిత, సరిచూసే ఈఎల్ 2, ఆమోదించే ఎస్‌ఈఎస్ అధికారి, అంకెలు ఏ తేదీ నాటివో చెప్పే వాక్యం. ఆ తేదీ అన్ని బ్రీఫుల్లోనూ ఒకటే ఉండాలి. ఒకదాంట్లో మార్చి 31, మరోదాంట్లో ఏప్రిల్ 30 ఉంటే రెండూ నిజమే అయినా టీవీలో అధికారి అబద్ధమాడినట్టు కనిపిస్తుంది. ఆ తేదీల వెంటా, ఆమోదాల వెంటా పడేది నేను. "ఇంకా అయిదు నిమిషాలు" అని తల ఊపే పాలసీ ఆఫీసర్ల కుర్చీల వెనక వెళ్ళి నిలబడటం ఒక కళ. ఊరికే నిలబడాలి, అంతే. మాట్లాడితే ఇంకో పది నిమిషాలు అడుగుతారు.

తమాషా ఏమిటంటే, పెద్ద విధానాల మీద జవాబులు మా పాలసీవాళ్ళ దగ్గర ఉంటాయి గానీ సెనెటర్లకు ఇష్టమైన చిన్న ప్రశ్నలకు జవాబులు నాలాంటివాళ్ళ దగ్గరే ఉంటాయి. విమాన టికెట్లకు ఎంత, మీటింగుల్లో భోజనాలకు ఎంత, ఆఫీసులో కుండీ మొక్కలకు ఎంత? ఆ బిల్లులు చూసేది అసిస్టెంట్లే. 10,000 డాలర్లు, ఆ పైన విలువ ఉన్న కాంట్రాక్టుల వివరాలు ఎలాగూ ప్రభుత్వ కొనుగోళ్ళను అందరికీ చూపించే ఆస్‌టెండర్ వెబ్‌సైటులో పెట్టాలి, సంతకమయ్యాక 42 రోజుల్లోపు. అందులో వివరణ రాసే గడిలో ఏం రాస్తున్నామన్నది చిన్న విషయం కాదు. "కన్సల్టింగ్ సేవలు" అని బద్ధకంగా రాసి వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత అదే ప్రశ్నై తిరిగొస్తుంది. అక్కడికక్కడ తెలియని ప్రశ్నను అధికారులు "నోటీసు మీద తీసుకుంటాం" అంటారు. టీవీలో చూసేవాళ్ళకి అది తప్పించుకోవడంలా ఉంటుంది. ఆ మాట వినగానే మా అంతస్తులో పదిమందికి ఒక వారం పని పడుతుంది. జవాబు రాతపూర్వకంగా వెళ్ళాలి, పార్లమెంటు వెబ్‌సైటులో ఎప్పటికీ ఉండిపోతుంది.

ఇంత చేసి, బ్రీఫుల్లో అక్కడ నిజంగా తెరిచేవి గుప్పెడు. మొదట్లో ఉసూరుమనిపించేది. మెల్లగా ఇంకోటి గమనించాను: బ్రీఫ్ రాయాల్సి రావడం వల్లే కొన్ని పనులు సరిగ్గా జరుగుతున్నాయి. ఈ ఖర్చుకి జవాబు ఎలా రాస్తాం అని ముందే తడబడినవాళ్ళు ఆ ఖర్చు మానుకోవడం చూశాను.

రికార్డుల సంగతీ ఇంతే. 1982 సమాచార స్వేచ్ఛా చట్టం కింద ఎవరైనా మా కాగితాలు అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. 1983 ఆర్కైవ్స్ చట్టం ప్రకారం నేషనల్ ఆర్కైవ్స్ అనుమతి లేకుండా సాధారణంగా ఏదీ చింపడానికి లేదు. ఇరవై ఏళ్ళయ్యాక చాలావరకు జనానికి తెరుచుకుంటాయి. కాబట్టి మీటింగు మినిట్స్ రాసేటప్పుడు ఎవరు ఎవరితో విభేదించారో కాదు, ఏం నిర్ణయించారో, ఎందుకో, పని ఎవరిదో రాయాలి. "ఎందుకో" అన్నదాన్ని తీసేయమని అడిగేవాళ్ళుంటారు. నా మటుకు నేను దాన్ని ఉంచుతాను. లేని అప్పుల్ని సగటు ఆదాయపు లెక్కతో సంక్షేమ లబ్ధిదారుల మీద మోపిన రోబోడెట్ పథకం మీద విచారణ జరిపిన రాయల్ కమిషన్ 2023 జూలై 7న నివేదిక ఇచ్చింది. పథకానికి చట్టబలం లేదని సూచించిన న్యాయసలహాను 2018లో డ్రాఫ్టుగానే వదిలేసిన వైనం అందులో ఉంది. అది చదివాక నాకు ఫోల్డర్లలో ఏళ్ళ తరబడి పడి ఉండే డ్రాఫ్టుల్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. పూర్తి చేయండి, లేదా ఎందుకు ఆపారో ఒక వాక్యం రాయండి.

2018 జనవరిలో ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ బయటపెట్టిన కథ ఇంకా విచిత్రం. క్యాన్‌బెర్రాలో పాత ప్రభుత్వ ఫర్నిచర్ అమ్మే దుకాణంలో తాళాలు వేసిన రెండు బరువైన ఫైలింగ్ క్యాబినెట్లు, తాళంచెవులు లేవని కారుచౌకగా అమ్ముడుపోయాయి. కొన్నాయన డ్రిల్లుతో తెరిస్తే లోపల వేల పేజీల మంత్రివర్గ పత్రాలు, అయిదు ప్రభుత్వాల కాలానివి. ప్రధానమంత్రి శాఖ నుంచి వెళ్ళాయవి. దేశమంతా జాతీయ భద్రత గురించి మాట్లాడుకుంది. నాకు మాత్రం ఆ ఫర్నిచర్ తరలింపు ఫారం నింపిన మనిషి ఎవరో, ఆ రోజు ఎన్ని పనుల మధ్య ఉన్నారో అనిపించింది. ఖాళీ అయిందా అని అడిగి ఉంటారు, ఎవరో అయింది అని ఉంటారు.

అన్నిటికన్నా విడ్డూరమైన పని ఎన్నికలప్పుడు వస్తుంది. ప్రతినిధుల సభ రద్దు కాగానే కేర్‌టేకర్ కాలం మొదలవుతుంది, పెద్ద నిర్ణయాలు, పెద్ద కాంట్రాక్టులు, ముఖ్యమైన నియామకాలు ఆగిపోతాయి. బయటివాళ్ళు మాకు సెలవులనుకుంటారు. ఆ వారాల్లో శాఖ రెండు పుస్తకాలు తయారుచేస్తుంది, లేబర్ పార్టీ గెలిస్తే ఇవ్వడానికి రెడ్ బుక్, లిబరల్-నేషనల్ కూటమి గెలిస్తే ఇవ్వడానికి బ్లూ బుక్. రెండు పార్టీల హామీలనూ విడివిడిగా పట్టుకుని, అమలు చేయడానికి ఏం కావాలో, ఎంతవుతుందో రాస్తారు. రెండిటికీ ఒకే శ్రద్ధ పెట్టాలి. ఒకదానికి అట్ట బాగుండి రెండోదానికి పేజీ నంబర్లు తప్పితే అది పక్షపాతమే. ఇళ్ళల్లో ఎవరి రాజకీయం వాళ్ళది. మా టీమ్‌లో ఎవరు ఎవరికి ఓటేస్తారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఎవరికి వేశానో వాళ్ళకీ తెలియదు.

2025 మే 3న లేబర్ మళ్ళీ గెలిచింది. సోమవారం పొద్దున రెడ్ బుక్కు చివరి సవరణలకు వెళ్ళింది, బ్లూ బుక్కుకి రికార్డుల సిస్టమ్‌లో నంబరు వేసి, ఎవరు చూడొచ్చో పరిమితి పెట్టి లోపల పెట్టేశాను. మధ్యాహ్నానికి మంత్రిగారి ఆఫీసు ఫోన్ల జాబితా కొత్తగా కావాలని మెయిల్ వచ్చింది. మంత్రి ఎవరో ఇంకా ప్రకటించలేదు. ఖాళీ గడులతో జాబితా పంపించాను.