మింగడం ఒక్కటే తేలిక: కోలన్ క్యాప్సూల్ పరీక్షలో నా అనుభవం

నిన్న సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

హిమోగ్లోబిన్ తొమ్మిది కంటే కిందికి పడిపోయింది. మలపరీక్షలో కంటికి కనబడని రక్తం ఉందని తేలడంతో ఖమ్మంలోనే కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం (స్కోపు) పంపి పెద్దపేగును చూసే పరీక్ష, చేయించుకున్నాను. మత్తు దిగాక చెప్పింది ఒక్కటే మాట: "పేగు మెలిక పడి ఉందమ్మా, స్కోపు పోలేదు." రిపోర్టులో పరీక్ష పూర్తి కాలేదని రాసిచ్చారు. ఎక్కడిదాకా వెళ్లిందో, మిగతా పేగును ఎలా చూడాలో అందులో లేదు. డబ్బు మాత్రం మొత్తం కట్టించుకున్నారు.

హైదరాబాద్‌లో డాక్టరుగారు ముందుగా అడిగిందే పాత ఆపరేషన్ల గురించి. నాకు 38 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. అలాంటి ఆపరేషన్ తర్వాత లోపల పేగులు అతుక్కుపోవచ్చని, అక్కడ స్కోపు వంపు తిరగదని బొమ్మ గీసి చూపించారు. మన ఊళ్లలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు వీధికి నలుగురుంటారు. తీసేటప్పుడు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

సీటీ స్కాన్‌తో చూడొచ్చు, లేదా కెమెరా క్యాప్సూల్ మింగొచ్చు అన్నారు. స్కోపు మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసమే ఈ క్యాప్సూల్‌కు అమెరికాలో 2014లో అనుమతి ఇచ్చారట. పొడవు మూడు సెంటీమీటర్ల పైన, రెండు చివర్లా కెమెరాలు. వేగంగా కదిలేటప్పుడు సెకనుకు 35 ఫొటోలు తీస్తుంది. పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండ) కనబడినా దాన్ని కోయడం క్యాప్సూల్ వల్ల కాదు, మళ్లీ స్కోపు వేయాల్సిందే. పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే అక్కడే ఇరుక్కునే ప్రమాదం ఉంది. బయటికి వచ్చేదాకా ఎమ్మారై తీయించుకోకూడదు. ఇవన్నీ ఆయన ఓపిగ్గా చెప్పారు. నేను సరే అన్నాను.

మింగడానికి పట్టింది అర నిమిషం. కష్టమంతా కడుపు శుభ్రం చేసుకోవడంలోనే. స్కోపయితే డాక్టరు నీళ్లు కొట్టి, మురికిని పీల్చేసి చూస్తారు. క్యాప్సూల్‌కు ఆ వీలు లేదు, లోపల ఏది అడ్డమున్నా ఫొటోలో అదే పడుతుంది. అందుకని రాత్రి రెండు లీటర్లు, తెల్లవారుజామున మరో రెండు లీటర్లు ఆ ఉప్పటి పౌడరు నీళ్లు తాగాను. పోయినసారి కూడా ఇదే తాగాను కదా, ఇక అయిపోయిందనుకున్నాను.

అవలేదు. నడుముకు బెల్టు, దానికి రికార్డరు కట్టి కూర్చోబెట్టారు. క్యాప్సూల్ చిన్నపేగులోకి దిగగానే రికార్డరు గుర్రుమంది. ఫాస్ఫేటు మందు తాగించారు, ఆ వెనకే లీటరు నీళ్లు. బ్యాటరీ సుమారు పది గంటలేనట, ఆలోపే క్యాప్సూల్‌ను కిందికి తోయాలట. మూడు గంటలయ్యాక మళ్లీ అదే మందు. కిడ్నీలు బాగున్నాయో లేదో రక్తపరీక్ష చేశాకే ఇది ఇస్తారు. మీకు చేయకపోతే అడిగి చేయించుకోండి.

ఆ వరండాలో అందరికీ కలిపి ఒకటే బాత్రూం. మగవాళ్లు, ఆడవాళ్లు అంతా వరసలోనే. బెల్టు పట్టుకుని పరిగెత్తి వెళ్తే తలుపు వేసి ఉండేది. పైగా అటెండరు నా చేతికి ప్లాస్టిక్ డబ్బా, గ్లవ్స్ ఇచ్చి, "పడగానే ఏరి తేవాలమ్మా, లేకపోతే ఫొటోలు రావు" అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఆ డబ్బాతో పదిసార్లు అందరి ముందూ నడిచాను. నేను బయటికి వచ్చిన ప్రతిసారీ అతను వరండా అవతలి నుంచి, "టీచరమ్మా, పడిందా?" అని అరిచేవాడు. కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూసేవాళ్లు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన గొడవకు లేస్తే నేనే ఆపాను.

సాయంత్రం టెక్నీషియన్ వచ్చి డబ్బా చూసి, "ఇదెందుకండీ? ఫొటోలు ఎప్పటికప్పుడు రికార్డరులోకి వచ్చేస్తాయి" అంది. క్యాప్సూల్‌ను ఏరాల్సిన పనే లేదట, ఒక్కసారి వాడి పడేసేదేనట. ఆ మాట పొద్దున చెప్పడానికి ఒక్క మనిషి లేకపోయారు!

మలద్వారంలో పెట్టే మందు కూడా పెట్టాక, రాత్రి ఏడున్నరకు పడింది. ఇంకా మినుకుమినుకుమంటూనే ఉంది.

మీరు చేయించుకునేటట్టయితే సొంత బాత్రూం ఉన్న గది అడగండి. ఆ రోజుకు అద్దె ఎక్కువైనా సరే.

గడ్డలు లేవు, పాలిప్‌లు లేవు. స్కోపు చేరని కుడివైపున, పెద్దపేగు మొదట్లో, రక్తనాళాలు చిన్న చిన్న గుంపులుగా ఉబ్బి ఉన్నాయట. ఆంజియోడిస్‌ప్లేసియా అంటారట. రక్తం అక్కడి నుంచే పోతూ ఉండొచ్చన్నారు. ప్రస్తుతానికి ఐరన్ మాత్రలు, నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష.

సోమవారం ఖమ్మం వెళ్తున్నాను. స్కోపు ఎక్కడ ఆగిందో ఆ పాత రిపోర్టులో రాయించుకుంటాను. రాసేదాకా ఆ కుర్చీలోంచి లేవను.